బిహేవియర్ అనలిస్ట్ చదువు: రావులపాలెం నుంచి దారి ఎటు?

రావులపాలెంలో డిగ్రీ పూర్తి చేసిన ఒక అమ్మాయి ఆమధ్య తన ఫోన్‌లో ఒక ప్రకటన మాకు చూపించింది. నగరంలోని ఒక పిల్లల థెరపీ సెంటర్ వేసింది. "ఏబీఏ థెరపిస్టులు కావలెను. ఏదైనా డిగ్రీ చాలు. శిక్షణ మేమే ఇస్తాం" అని ఉంది. శిక్షణ ఎన్నాళ్లని ఫోన్ చేసి అడిగితే వారం రోజులన్నారట. ఆమె తండ్రి అరటి మార్కెట్‌లో గెలల లోడింగ్ పనికి వెళ్తారు. ఆ ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది ఈమె ఒక్కతే. మమ్మల్ని మూడు ప్రశ్నలు అడిగింది. "ఇది నిజంగా ఒక చదువేనా, లేక ఆయా పనికి ఇంగ్లీషు పేరు పెట్టారా? చదువే అయితే ఎక్కడ చదవాలి, ఎంతవుతుంది? అంతా చదివాక మనల్ని లోపలికి రానిస్తారా?"

మూడూ అడగాల్సిన ప్రశ్నలే. ఈ వృత్తికి మన దేశంలో నియమాలు ఇప్పుడిప్పుడే రూపుదిద్దుకుంటున్నాయి. ఎవరు చదవాలి, ఎంత ఖర్చు పెట్టాలి, ఏ భాషలో పరీక్ష రాయాలి అనేవి ఖరారయ్యాక మనం వెళ్లి తలుపు తట్టడం కన్నా, ఖరారవుతున్నప్పుడే మాట్లాడటం మేలు. అందుకే ఈ వ్యాసం విద్యార్థులతో పాటు ఉద్యమ కార్యకర్తల కోసం కూడా రాస్తున్నాం. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశ జనాభాలో వికలాంగులు 2.21 శాతం. ఎస్సీల్లో ఆ లెక్క 2.45 శాతం. అవసరం మన పేటల్లో ఎక్కువగానే ఉంది. ఆ అవసరం తీర్చే చదువు మాత్రం మన పేటల దాకా రాలేదు.

మూడు గడుల కాగితం

అప్లైడ్ బిహేవియర్ అనాలిసిస్ అనే పేరుకు పొట్టి రూపం ఏబీఏ. తెలుగులో అనువర్తిత ప్రవర్తన విశ్లేషణ అనుకోవచ్చు. బి.ఎఫ్. స్కిన్నర్ ప్రయోగశాలలో తేల్చిన సూత్రాలను మనుషుల రోజువారీ బతుకులోకి తీసుకురావాలన్న ప్రయత్నం నుంచి ఇది పుట్టింది. 1968లో దీనికంటూ ఒక పరిశోధన పత్రిక మొదలైంది. దాని మొదటి సంచికలోనే డొనాల్డ్ బేర్, మాంట్రోస్ వుల్ఫ్, టాడ్ రిస్లీ అనే ముగ్గురు ఈ శాస్త్రం ఎలా ఉండాలో రాశారు. సమాజానికి ముఖ్యమైన సమస్యనే తీసుకోవాలి, కంటికి కనబడే పనిని కొలవాలి, మార్పు మన ప్రయత్నం వల్లే వచ్చిందని చూపించగలగాలి అన్నది వారి వాదనలో ముఖ్యభాగం.

ఆచరణలో దీని తొలి పనిముట్టు ఒక కాగితం. దాని మీద మూడు గడులు ఉంటాయి. పనికి ముందు ఏం జరిగింది, పిల్లవాడు ఏం చేశాడు, తర్వాత ఏం జరిగింది. ఇలా కొన్ని రోజులు రాస్తే ఆ పని ఎందుకు జరుగుతోందో తెలుస్తుంది. ఎవరైనా తనవైపు చూడాలనా, ఇష్టం లేనిదాన్ని తప్పించుకోవాలనా, కావలసిన వస్తువు కోసమా, లేక ఆ పని చేయడమే శరీరానికి హాయిగా ఉండటం వల్లనా? కారణం తెలిశాక పరిసరాలను మారుస్తారు. అదే అవసరాన్ని హాని లేకుండా తీర్చుకునే మరో దారి పిల్లవాడికి నేర్పుతారు. ఆటిజం, మేధో వైకల్యం ఉన్న పిల్లల విషయంలో దీన్ని ఎక్కువగా వాడుతున్నారు.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. రెండో తరగతి పిల్లవాడు. మాటలు తక్కువ. రోజూ మధ్యాహ్న భోజనం వేళకు పళ్లెం విసిరేసి బయటికి పరుగెడతాడు. "మొండిఘటం, ఇంట్లో అదుపు లేదు" అని బడిలో తేల్చేశారు. శిక్షణ ఉన్న మనిషి వచ్చి వారం పాటు ఆ మూడు గడులు నింపితే రకరకాల కారణాలు బయటపడవచ్చు. స్టీలు పళ్లేల చప్పుడు ఆ పిల్లవాడి చెవులకు భరించలేనిదై ఉండవచ్చు. అప్పుడు అయిదు నిమిషాలు ముందుగా వరండాలో అన్నం పెడితే సరిపోతుంది. పప్పు మెత్తదనం నోటికి పడకపోయి ఉండవచ్చు. దానికీ మార్గం ఉంది.

మూడో కారణం కూడా ఉండవచ్చు. ఆ పిల్లవాడిని రోజూ వరుస చివర కూర్చోబెడుతున్నారు. గరిటె తగలకుండా పైనుంచి వడ్డిస్తున్నారు. పక్క పిల్లలు జరిగిపోతున్నారు. మాటలు లేని పిల్లవాడు తన బాధను కాళ్లతో చెబుతున్నాడు. ఇప్పుడు మారాల్సిన ప్రవర్తన పిల్లవాడిది కాదు, వడ్డించేవారిదీ చూస్తూ ఊరుకున్న పెద్దలదీ. మరి ఆ మూడు గడుల్లో మొదటి గడిలో పరిశీలకులు ఏం రాస్తారు? అంటరానితనం ఎలా ఉంటుందో ఎన్నడూ చూడనివారు "భోజనం గంట కొట్టారు" అని రాసి ముగిస్తారు. వారు అబద్ధం రాసినట్టు కాదు. వారి కంటికి కనిపించింది అంతే. ఈ చదువులోకి మనవాళ్లు వెళ్లాలని మేము అనడానికి మొదటి కారణం ఇదే. మనవాళ్లయినా శిక్షణ లేకుండా ఇది చూడగలరని మేము అనడం లేదు. అనుభవమూ కావాలి, శిక్షణా కావాలి.

కాన్సస్ నల్లవాడలో జరిగింది

ఈ శాస్త్రం పుట్టుకలోనే ఈ సమస్య ఉంది. 1960ల మధ్యలో అమెరికాలోని కాన్సస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు కాన్సస్ సిటీలో జూనిపర్ గార్డెన్స్ అనే పేద నల్లజాతివారి వాడలో పనిచేయడం మొదలుపెట్టారు. రిస్లీ వంటివారు పిల్లల చదువు, భాష మీద చాలా ప్రయోగాలు చేసింది అక్కడే. వాడ జనంతో కలిసి పనిచేశారు, మేలు కూడా జరిగింది. అయితే పరిశోధించేవారు విశ్వవిద్యాలయం నుంచి వచ్చారు, పరిశోధనకు లోనైనవారు వాడ నుంచి వచ్చారు.

ఆ తర్వాత బెట్టీ హార్ట్, రిస్లీ కలిసి 42 కుటుంబాలను రెండున్నరేళ్ల పాటు పరిశీలించి 1995లో ఒక పుస్తకం తెచ్చారు. పేద ఇంటి పిల్లలు బడిలో చేరే లోపే సంపన్న ఇంటి పిల్లల కన్నా 3 కోట్ల మాటలు తక్కువ వింటారన్నది దాని నుంచి ప్రపంచమంతా పాకిన మాట. ఆ 42లో ప్రభుత్వ సాయం మీద బతికే కుటుంబాలు 6 మాత్రమే. ఆ ఆరూ నల్లజాతి కుటుంబాలే. తల్లి నేరుగా పిల్లవాడితో అన్న మాటలను లెక్కపెట్టారు గానీ, నానమ్మలు, అన్నదమ్ములు, ఇరుగుపొరుగు మధ్య పెరిగే పిల్లవాడి చెవిన పడే మాటలను లెక్కలోకి తీసుకోలేదని తర్వాతి పరిశోధకులు విమర్శించారు.

ఇది మనకు కొత్త కథ కాదు. "ఆ ఇళ్లలో మాట్లాడే భాషే అంత" అన్న మాట మన పిల్లలు ఎన్ని తరగతి గదుల్లో వినలేదు? బొమ్మల కార్డుల్లో మంచు మనిషిని, పిజ్జాను చూపించి పేరు చెప్పమంటే కోనసీమ పిల్లవాడు నోరు విప్పడు. అరటి గెల, కొబ్బరి మట్ట, లాకులు, ఏటిగట్టు, ఎండుచేప చూపిస్తే చెబుతాడు. ఏ కార్డులు చూపించాలో నిర్ణయించే కుర్చీలో ఎవరున్నారన్నదాని మీద ఆ పిల్లవాడి మార్కులు ఆధారపడతాయి.

విమర్శ తెలియకుండా ఈ వృత్తిలోకి వెళ్లొద్దు

ఏబీఏకు పేరు తెచ్చిన ప్రయోగం 1987లో వచ్చింది. కాలిఫోర్నియాలో ఐవర్ లోవాస్ 19 మంది ఆటిజం ఉన్న చిన్నపిల్లలకు వారానికి 40 గంటల చొప్పున రెండేళ్లకు పైగా శిక్షణ ఇప్పించాడు. వారిలో 9 మంది మామూలు పిల్లలతో సమానంగా చదువుకోగలిగారని ప్రకటించాడు. పిల్లలను లాటరీ పద్ధతిలో గుంపులుగా విడదీయలేదన్న విమర్శ అప్పటి నుంచీ ఉంది. అంతకన్నా పెద్ద విమర్శ పద్ధతి మీద. ఆ శిక్షణలో పిల్లలను గట్టిగా గదమాయించడం, తొడ మీద కొట్టడం కూడా ఉన్నాయి. ఆటిజంతో పెరిగి పెద్దయిన చాలామంది ఈ వైద్యాన్ని గట్టిగా వ్యతిరేకిస్తున్నారు. తమను ఇతరుల్లా కనిపించేలా తయారుచేశారే తప్ప తమ బాధ వినలేదని వారి ఫిర్యాదు. చేతులు ఊపకూడదు, కళ్లలోకి చూడాలి అనే లక్ష్యాలు ఎవరి సౌకర్యం కోసమని వారు అడుగుతున్నారు.

ఈ విమర్శల ఒత్తిడి నియమాల్లో కొంత మార్పు తెచ్చింది. 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన అంతర్జాతీయ నైతిక నియమావళిలో, మాటలు రాని పిల్లల విషయంలోనూ వారి సమ్మతిని గమనించాలన్న ఆలోచనకు చోటు దొరికింది. ప్రవర్తనను "మర్యాద" పేరుతో అణచడం ఎలా ఉంటుందో మనకు తరతరాలుగా తెలుసు. కళ్లెత్తి చూడకూడదని ఒకప్పుడు మనకే నేర్పారు. కాబట్టి ఎదుటి మనిషిని వంచడానికి ఈ విద్యను వాడకూడదన్న జాగ్రత్త మన విద్యార్థులకు ఇంకా ఎక్కువ ఉండాలి.

డబ్బు విషయం కూడా చూడండి. ప్రైవేటు సెంటర్లో గంటకు 500 రూపాయలే అనుకున్నా, వారానికి 40 గంటలంటే నెలకు 80 వేలు. గెలలు మోసే ఇంటికి, కొబ్బరి దింపే ఇంటికి అది ఊహకందని మాట. తక్కువ గంటల్లో, తల్లిదండ్రులకూ అంగన్వాడీ కార్యకర్తలకూ నేర్పి, ఊళ్లోనే చేయగల పద్ధతులు మనకు కావాలి.

అంతర్జాతీయ నిచ్చెన, దాని మెట్లు

ప్రపంచంలో ఈ వృత్తికి ఎక్కువ గుర్తింపు ఉన్న సర్టిఫికెట్లు ఇచ్చేది బిహేవియర్ అనలిస్ట్ సర్టిఫికేషన్ బోర్డు. 1998లో అమెరికాలో ఏర్పడింది. దాని నిచ్చెనలో అడుగు మెట్టు రిజిస్టర్డ్ బిహేవియర్ టెక్నీషియన్. 40 గంటల శిక్షణ, పనితనం పరీక్ష, రాత పరీక్ష ఉంటాయి. ఆ మెట్టు మీద ఉన్నవారు ఒంటరిగా పనిచేయకూడదు, పైమెట్టు వారి పర్యవేక్షణలోనే చేయాలి. ప్రకటనలోని "వారం రోజుల శిక్షణ" ఈ అడుగు మెట్టుకు నకలు. పర్యవేక్షించేవారు ఎవరో చెప్పకపోతే నకలు కూడా కాదు.

పైమెట్టు బోర్డ్ సర్టిఫైడ్ బిహేవియర్ అనలిస్ట్. దానికి మాస్టర్స్ డిగ్రీ ఉండాలి. 2022 నిబంధనల ప్రకారం 315 గంటల ప్రత్యేక పాఠాలు, 2,000 గంటల పర్యవేక్షిత పని, ఆపైన పరీక్ష. పర్యవేక్షణ ఎక్కువగా ఉండే రకం ఎంచుకుంటే 1,500 గంటలు. వారానికి 20 గంటల చొప్పున లెక్కేస్తే 2,000 గంటలకు 100 వారాలు పడుతుంది. దాదాపు రెండేళ్లు. ఈ గంటలకు జీతం ఇవ్వాలన్న హామీ ఎక్కడా లేదు. పైగా చాలాచోట్ల పర్యవేక్షకులకు విద్యార్థే ఫీజు కట్టుకోవాలి.

అసలు ఆ తలుపే మనకు మూసుకుపోయింది. 2023 జనవరి 1 నుంచి ఆ బోర్డు అమెరికా, కెనడా సహా కొద్ది దేశాల్లో నివసించేవారి దరఖాస్తులనే తీసుకుంటోంది. అంతకుముందు సర్టిఫికెట్ పొందినవారు మన దేశంలో కొద్దిమంది ఉన్నారు. ఇంగ్లీషు, డబ్బు, నగరంలోని పరిచయాలు ఉన్నవారికి తలుపు తెరిచి ఉన్నప్పుడు కబురు అందింది. మనకు కబురు అందేసరికి గడియ పడింది. ఇప్పుడు ఇక్కడి విద్యార్థులు ఇంటర్నేషనల్ బిహేవియర్ అనాలిసిస్ ఆర్గనైజేషన్, క్వాబా వంటి వేరే సంస్థల సర్టిఫికెట్ల వైపు చూస్తున్నారు. అవి కూడా విదేశీ ప్రైవేటు సంస్థలే. వాటి సర్టిఫికెట్ భారత చట్టం ఇచ్చే రిజిస్ట్రేషన్‌తో సమానం కాదని గుర్తుంచుకోవాలి.

సికింద్రాబాద్‌లో మొదలైన ప్రభుత్వ దారి

ఇదంతా విని ఈ విద్య అమెరికా నుంచి నిన్నమొన్న దిగిందనుకోవద్దు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో కేంద్ర ప్రభుత్వం పెట్టిన జాతీయ సంస్థ ఉంది. ఇప్పుడు దాని పేరు ఎన్ఐఈపీఐడీ. 1992లో ఆ సంస్థ నుంచే రీటా పెషావరియా, ఎస్. వెంకటేశన్ మన దేశపు పిల్లల కోసం ఒక ప్రవర్తన అంచనా పట్టిక తయారుచేశారు. బేసిక్ ఎంఆర్ అని దాన్ని పిలుస్తారు. మొదటి భాగంలో నైపుణ్యాలకు 280 అంశాలు, రెండో భాగంలో సమస్యాత్మక ప్రవర్తనలకు 75 అంశాలు ఉంటాయి. టీచర్లు తరగతి గదిలో వాడుకోవడానికి చేతిపుస్తకం కూడా వచ్చింది. అంటే ముప్పై ఏళ్ల కిందటే ప్రజల డబ్బుతో, మామూలు టీచర్ల కోసం, తెలుగు నేల మీదే ఈ విద్య తయారైంది. దాన్ని ప్రతి మండలానికీ తీసుకెళ్లి ఉంటే ఇవాళ ఆ ప్రకటన వేసే అవసరమే వచ్చేది కాదు.

చట్టం ఏం చెబుతోంది? వికలాంగులతో పనిచేసే వృత్తి నిపుణుల కోసం 1992లో రిహాబిలిటేషన్ కౌన్సిల్ చట్టం వచ్చింది. కౌన్సిల్ రిజిస్టర్‌లో నమోదు కాకుండా ఆ వృత్తులు చేస్తే ఏడాది వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. స్పెషల్ టీచర్లు, క్లినికల్ సైకాలజిస్టులు, రిహాబిలిటేషన్ సైకాలజిస్టులు వంటివారు ఆ జాబితాలో ఉన్నారు. బిహేవియర్ అనలిస్ట్ అనే పేరు అందులో లేదు. ఆ పేరు మొదటిసారి కనిపించేది 2021లో వచ్చిన జాతీయ అనుబంధ ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం షెడ్యూల్‌లో. బిహేవియరల్ హెల్త్ సైన్సెస్ అనే తరగతి కింద సైకాలజిస్టులతో పాటు "బిహేవియరల్ అనలిస్ట్" అని రాసి ఉంది. పాఠ్య ప్రణాళిక, అర్హత, ప్రవేశం, రిజిస్ట్రేషన్ వంటివి ఆ చట్టం కింద ఏర్పడే కమిషన్, రాష్ట్ర కౌన్సిళ్లు చూడాల్సిన పనులు. నియమాలు ఇప్పుడే రూపుదిద్దుకుంటున్నాయని మొదట్లో అన్నది దీన్ని దృష్టిలో పెట్టుకునే.

ఈ చట్టం దెబ్బ అప్పుడే ఒకటి తగిలింది. దాని పరిధిలోకి వచ్చే సైకాలజీ వంటి కోర్సులను దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో నడపకూడదని 2025లో యూజీసీ ఆదేశించింది. ఆ ఏడాది జూలై, ఆగస్టు ప్రవేశాల నుంచే అమలు. పిల్లలతో పనిచేసే వృత్తికి ప్రత్యక్ష శిక్షణ ఉండాలన్నది నిజమే, మేమూ ఒప్పుకుంటాం. కానీ పగలు పనికెళ్లి, రాత్రి చదివి, దూరవిద్యలో సైకాలజీ పీజీ తెచ్చుకోవడం మన విద్యార్థులకు అందిన ఒకే ఒక్క దారి. దగ్గర్లో రెగ్యులర్ సీటు, హాస్టలు ఇవ్వకుండా ఆ దారి మూసేస్తే ప్రమాణాల పేరుతో వడపోత జరుగుతుంది.

మరి ఎక్కడ చదవాలి?

ఆ అమ్మాయికి మేము చెప్పిన వరుస ఇది. చట్టబద్ధమైన రిజిస్ట్రేషన్ నంబరు ముందు, విదేశీ సర్టిఫికెట్ తర్వాత.

ఇంటర్ అయినవారికి డి.ఎడ్ స్పెషల్ ఎడ్యుకేషన్, డిగ్రీ అయినవారికి బి.ఎడ్ స్పెషల్ ఎడ్యుకేషన్ మొదటి మెట్టు. చేరే ముందు ఆ కాలేజీకి ఆ ఏడాది రిహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో చూసుకోవాలి. ఈ అర్హతకు ఇప్పుడు సర్కారు కొలువు కూడా ఉంది. ప్రత్యేక అవసరాల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో పదిమందికొకరు, పై తరగతుల్లో పదిహేను మందికొకరు చొప్పున స్పెషల్ టీచర్ ఉండాలని 2021లో రజనీశ్ కుమార్ పాండే కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 మార్చిలో పోస్టులు ప్రకటించమని రాష్ట్రాలను మళ్లీ ఆదేశించింది. ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2,260 స్పెషల్ ఎడ్యుకేషన్ టీచర్ పోస్టులు మంజూరు చేసింది. వాటిలో ఎస్సీ రిజర్వేషన్ ఉన్నా, అర్హత ఉన్న మన అభ్యర్థులు లేకపోతే ఆ ఖాళీలు ఖాళీలుగానే మిగులుతాయి.

మాస్టర్స్ స్థాయికి రెండు దార్లు. ఒకటి ఆంధ్ర, శ్రీ వేంకటేశ్వర, ఉస్మానియా వంటి విశ్వవిద్యాలయాల్లో రెగ్యులర్ సైకాలజీ పీజీ. రెండోది ఎన్ఐఈపీఐడీ వంటి జాతీయ సంస్థల్లో స్పెషల్ ఎడ్యుకేషన్, రిహాబిలిటేషన్ సైకాలజీ కోర్సులు. కొత్త విద్యావిధానం ఎం.ఫిల్‌ను తీసేయడంతో ఈ రంగంలో కోర్సుల పేర్లు మారుతున్నాయి. పాత సీనియర్లు చెప్పిన పేర్లు పట్టుకుని కాకుండా ఆ ఏడాది నోటిఫికేషన్ చూసి దరఖాస్తు చేయాలి. ఈ పునాది ఉన్నాక ఏబీఏ ప్రత్యేక పాఠాలు, పర్యవేక్షిత గంటలు పూర్తి చేస్తే సర్టిఫికెట్‌కు బరువు ఉంటుంది.

ఏ కోర్సుకైనా, ఏ సెంటర్‌కైనా డబ్బు కట్టే ముందు అయిదు విషయాలు అడగండి. నన్ను పర్యవేక్షించేది ఎవరు, వారి రిజిస్ట్రేషన్ నంబరు ఎంత? ఈ సర్టిఫికెట్‌ను ఇండియాలో ఏ చట్టం గుర్తిస్తుంది? పనిచేసిన గంటలకు జీతం ఉందా? మధ్యలో మానేస్తే నా ఒరిజినల్ సర్టిఫికెట్లు వెంటనే ఇస్తారా? పిల్లవాడు ఏడ్చి వద్దన్నప్పుడు ఏం చేయమని నేర్పుతారు? చివరి ప్రశ్నకు వచ్చే జవాబును బట్టి అది ఎలాంటి చోటో తెలిసిపోతుంది.

డబ్బు ఎక్కడి నుంచి?

పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ మన పిల్లల పీజీకి ప్రధాన ఆధారం. ఎస్సీలకు తల్లిదండ్రుల ఆదాయ పరిమితి ఏడాదికి రెండున్నర లక్షలు. మన రాష్ట్రంలో 2020 డిసెంబరులో వచ్చిన జీవో 77 ప్రైవేటు కాలేజీల్లో పీజీ చేసేవారికి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆపింది. దాన్ని రద్దు చేయాలని విద్యార్థి సంఘాలు ఏళ్ల తరబడి రోడ్డెక్కాయి. పీజీ లేకుండా ప్రవేశం లేని వృత్తుల విషయంలో ఇలాంటి జీవో ఎంత లోతుగా కోస్తుందో ఈ రంగంలో స్పష్టంగా కనబడుతుంది.

విదేశాల్లో చదవాలంటే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది. 1913లో బరోడా సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో అంబేడ్కర్ కొలంబియాకు వెళ్లారు. 1950ల మధ్య నుంచి నడుస్తున్న ఈ పథకం ఆ దారిని మనకు తెరిచి ఉంచింది. ఏడాదికి 125 మందికి ఇస్తారు. వారిలో 115 మంది ఎస్సీలు. వయసు 35 లోపు, కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు, మార్కులు 60 శాతం ఉండాలి. 30 శాతం మహిళలకు. విశ్వవిద్యాలయం క్యూఎస్ ర్యాంకుల్లో మొదటి 500లో ఉండాలన్న నిబంధన ఉంది. ఏబీఏలో మంచి పేరున్నవన్నీ ఆ జాబితాలో ఉండవు కాబట్టి ముందే సరిచూసుకోవాలి. భారత సంస్కృతి, చరిత్ర, సమాజం మీద విదేశాల్లో పరిశోధనకు ఇవ్వబోమని 2022లో కొత్త షరతు పెట్టారు. తరగతి గదిలో కులం పిల్లల ప్రవర్తనను ఎలా మలుస్తుందో పరిశోధిస్తానని రాసినవారికి ఆ షరతు అడ్డొచ్చే ప్రమాదం ఉంది. 2025లో 106 మందిని ఎంపిక చేసి, నిధులు లేవంటూ మొదట 40 మందికే ఉత్తర్వులు ఇచ్చారు. ఎంపికైనవారికి కూడా ఇది ఖాయం అన్న భరోసా లేదు.

ఒక విషయం గమనించండి. ఎస్సీ స్కాలర్‌షిప్‌లు చూసేదీ, ఎన్ఐఈపీఐడీనీ రిహాబిలిటేషన్ కౌన్సిల్‌నీ చూసేదీ ఒకే మంత్రిత్వ శాఖ. కేంద్ర సామాజిక న్యాయ, సాధికారత శాఖ. ఎస్సీ విద్యార్థులకు ఈ రంగంలో ప్రత్యేక ఫెలోషిప్ పెట్టడానికి రెండు శాఖల మధ్య ఫైలు తిరగాల్సిన అవసరం కూడా లేదు.

మనం ఏం అడగాలి?

ఆంధ్రప్రదేశ్‌లో మండల స్థాయిలో భవిత కేంద్రాలు ఉన్నాయి. సమగ్ర శిక్ష కింద ప్రత్యేక అవసరాల పిల్లల కోసం నడుస్తున్నాయి. వాటిని పర్యవేక్షిత శిక్షణ కేంద్రాలుగా గుర్తించి, అక్కడ చేసే గంటలకు స్టైపెండ్ ఇస్తే, రావులపాలెం అమ్మాయి నగరంలో రూము అద్దె కట్టకుండా తన శిక్షణ గంటలు పూర్తి చేసుకోగలదు. అదే సమయంలో ఇక్కడి పిల్లలకు సేవ అందుతుంది. ఇది మొదటి డిమాండ్. రెండోది, 2021 చట్టం కింద ఏర్పడే కమిటీల్లో ఎస్సీ, ఎస్టీ ప్రతినిధులు, వికలాంగుల ప్రతినిధులు ఉండాలి. మూడోది, ప్రవేశ, అర్హత పరీక్షలు తెలుగులో కూడా రాయనివ్వాలి. తెలుగులో మాట్లాడే తల్లితో పనిచేయబోయే మనిషిని ఇంగ్లీషులో మాత్రమే పరీక్షించడంలో అర్థం లేదు. నాలుగోది, కోర్సుల సిలబస్‌లో కులవివక్ష ఒక పాఠంగా ఉండాలి. భోజనాల వరుసలో జరిగేది కూడా ఆ మూడు గడుల్లోకి రావాలి.

మన జిల్లా పేరులోనే అంబేడ్కర్ ఉన్నారు. ఆ పేరు కోసం 2022 మే 24న అమలాపురంలో ఇళ్లు తగలబడటం చూశాం. అమలాపురం పార్లమెంటు స్థానం ఎస్సీ రిజర్వుడు. రావులపాలెం ఉన్న కొత్తపేట నియోజకవర్గం దాని పరిధిలోదే. ఎస్సీ ఎంపీని, ఎమ్మెల్యేలను కలిసేటప్పుడు మనం తీసుకెళ్లే వినతిపత్రాల్లో రోడ్లు, సామాజిక భవనాలతో పాటు ఈ నాలుగు డిమాండ్లూ ఉండాలి.

ఆ అమ్మాయి ఆ ఉద్యోగంలో చేరలేదు. బి.ఎడ్ స్పెషల్ ఎడ్యుకేషన్‌కు దరఖాస్తు పెట్టింది. ఈలోగా తమ పేట అంగన్వాడీలో మాటలు రాని ఒక పిల్లవాడిని రోజూ అరగంట గమనిస్తూ నోటుబుక్కులో మూడు గడులు గీసి రాస్తోంది. ముందు ఏం జరిగింది, పిల్లవాడు ఏం చేశాడు, తర్వాత ఏం జరిగింది. తల్లి అనుమతి తీసుకుంది, పిల్లవాడి పేరు రాయడం లేదు. మొదటి వారం రాసింది మాకు చూపిస్తే మొదటి గడిలో చాలాచోట్ల ఖాళీలు కనిపించాయి. "ముందు ఏం జరిగిందో నాకు కనబడలేదు, మళ్లీ చూస్తాను" అంది.